మీ ఊరు ఏయే పరిధుల్లో ఉందో తెలుసుకుని, సరైన కార్యాలయానికి అర్జీ పెట్టుకోవడం ఎలా?

ఒకే ఇంటికి మూడు అవసరాలు వచ్చాయనుకోండి. వీధిలో మురుగు కాలువ పూడిపోయింది. పొలం పాసుపుస్తకంలో చనిపోయిన తండ్రి పేరే ఇంకా ఉంది. బిడ్డను కాలేజీలో చేర్చడానికి కుల ధ్రువపత్రం కావాలి. ఇల్లు ఒకటే అయినా ఈ పనులన్నీ ఒకరి చేతిలో ఉండవు. కాలువ పని చూసే అధికారి వేరు, పాసుపుస్తకం, ధ్రువపత్రం చూసే అధికారి వేరు, ఆ ఇద్దరికీ పైన ఉండే అధికారులు వేరు, కొన్నిచోట్ల వారి పరిధుల హద్దులు కూడా వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే మన పల్లెల నుంచి ఎంతోమంది ఒక రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని జిల్లా కేంద్రం దాకా వచ్చి, అర్జీ అక్కడ ఇచ్చి, అది మళ్లీ తమ మండలానికే చేరేదాకా వారాల తరబడి ఎదురుచూస్తున్నారు. ఆ శ్రమ తప్పించుకోవడానికి ఒక సాయంత్రం కూర్చుని మీ ఇంటికీ పొలానికీ సంబంధించిన పరిధులన్నింటినీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మేలు. ఆ కాగితం ఎలా తయారుచేయాలో, దాన్ని ఎలా వాడుకోవాలో అనంతపురం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను. కర్నూలు, నంద్యాల, కడప వైపు వారికి కూడా పద్ధతి ఇదే. పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

మొదట మూడు కాగితాలు ముందర పెట్టుకోండి

ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసుపుస్తకం లేదా వన్‌-బీ అనే భూమి రికార్డు నకలు, ఓటరు కార్డు: ఈ మూడూ తీసి పక్కపక్కన పెట్టండి. మూడింటిలోనూ ఊరి పేరు ఉంటుంది గాని, అది ప్రతిసారీ ఒకే ఊరు కాకపోవచ్చు. ఇంటి పన్ను రసీదు మీద ఉన్నది గ్రామ పంచాయతీ పేరు. పాసుపుస్తకంలో ఉన్నది రెవెన్యూ గ్రామం పేరు. ఓటరు కార్డు మీద శాసనసభ నియోజకవర్గం పేరు, మీ పోలింగు భాగం సంఖ్య ఉంటాయి. మీరు నిజంగా నివసించే పల్లె గాని తండా గాని ఈ మూడు పేర్లలో ఏదీ కాకపోవడం కూడా రాయలసీమలో మామూలే, ఎందుకంటే ఒక కసబా గ్రామం కింద మజరాలుగా, శివారు పల్లెలుగా అనేక చిన్న నివాసాలు ఉంటాయి.

కాగితం మీద ముందు మీ పల్లె పేరు రాయండి. దాని కింద రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ, నియోజకవర్గం అని మూడు వరుసలు గీసి, కాగితాలలో ఉన్న పేర్లను అక్షరం మార్చకుండా ఎక్కించండి. అక్షరం మార్చకుండా అని చెప్పడానికి కారణం ఉంది. ఆత్మకూరు అనే మండలం అనంతపురం జిల్లాలో ఉంది. ఆత్మకూరు అనే పట్టణం నంద్యాల జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్‌కు కేంద్రంగా ఉంది. నెల్లూరు జిల్లాలోనూ ఒక ఆత్మకూరు ఉంది. కొత్తపల్లి, నాగులపల్లి వంటి పేర్ల సంగతి చెప్పనక్కరలేదు. ఊరి పేరుతో పాటు మండలం పేరు, జిల్లా పేరు లేని అర్జీ సగం చిరునామా ఉన్న ఉత్తరం లాంటిది.

రెవెన్యూ వరుసను పూర్తి చేయండి

భూమి, ధ్రువపత్రాలు, శాంతిభద్రతల పర్యవేక్షణ, ప్రకృతి వైపరీత్యాల సాయం వంటివన్నీ రెవెన్యూ వరుసలో నడుస్తాయి. ఇందులో గ్రామ స్థాయిలో గ్రామ రెవెన్యూ అధికారి, అంటే వీఆర్వో, ఆయనకు పైన మండలంలో తహసీల్దారు, ఆపైన కొన్ని మండలాలు కలిసిన రెవెన్యూ డివిజన్‌కు రెవెన్యూ డివిజనల్‌ అధికారి, అంటే ఆర్‌.డి.ఓ., జిల్లాకు జాయింట్‌ కలెక్టరు, కలెక్టరు ఉంటారు. డివిజన్‌ అధికారి ఐ.ఎ.ఎస్‌. నుంచి వచ్చినవారైతే ఆయనను సబ్‌ కలెక్టరు అంటారు. చేసే పని మాత్రం అదే. వీరందరూ ప్రభుత్వం నియమించినవారే, ఈ వరుసలో ఎన్నికైనవారు ఎవరూ ఉండరు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తరువాత వచ్చే గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

మీ మండలం ఏ డివిజన్‌లో ఉందో తప్పక రాసుకోండి, ఎందుకంటే జనం ఎక్కువగా మరచిపోయే మెట్టు ఇదే. అనంతపురం జిల్లాలో 2022 విభజన నాటికి అనంతపురం, కల్యాణదుర్గం, గుంతకల్లు అని మూడు డివిజన్లు ఏర్పడ్డాయి. గుంతకల్లు అప్పుడే కొత్తగా డివిజన్‌ కేంద్రమైంది. కనుక రాయదుర్గం మండలం రైతు తహసీల్దారు ఇచ్చిన మ్యుటేషన్‌ (భూమి రికార్డులో పేరు మార్పు) ఉత్తర్వు మీద అప్పీలు చేయాలంటే అనంతపురం రావలసిన పని లేదు, ఆయన ఆర్‌.డి.ఓ. కల్యాణదుర్గంలో ఉంటారు. గుత్తి వారికైతే గుంతకల్లు. పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 1971 నాటిది. దాని ప్రకారం తహసీల్దారు ఉత్తర్వు మీద అప్పీలు ఆర్‌.డి.ఓ. వద్ద, ఆపైన రివిజన్‌ జిల్లా స్థాయిలో జరుగుతాయి. మధ్య మెట్టును వదిలి నేరుగా కలెక్టరుకు రాసినవారి కాగితం సాధారణంగా డివిజన్‌కే తిరిగి వస్తుంది. ఈలోగా అప్పీలు గడువు మాత్రం ఆగదు.

పాత దస్తావేజు చేతిలో ఉన్నవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. మండలాలు 1985లో ఏర్పడ్డాయి. అంతకుముందు మనకు ఉన్నవి తాలూకాలు, వాటి కింద ఫిర్కాలు. కాబట్టి తాతల నాటి క్రయపత్రంలో “ధర్మవరం తాలూకా” అని ఉంటే, ఆ గ్రామం నేడు ధర్మవరం మండలంలో ఉందని అనుకోకూడదు, ఎందుకంటే ఒక్కొక్క తాలూకా అనేక మండలాలుగా విడిపోయింది. రాయదుర్గం, ఆలూరు, ఆదోని తాలూకాల పత్రాలు ఇంకా పాతవైతే వాటి మీద బళ్లారి జిల్లా అని ఉంటుంది. ఆ మూడు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి నుంచి విడివడి ఇటు వచ్చాయి. అనంతపురం జిల్లాయే 1882లో బళ్లారి నుంచి వేరుపడింది. పాత పత్రాన్ని నేటి పరిధికి కలపడానికి పట్టుకోవలసినవి రెండే: రెవెన్యూ గ్రామం పేరు, సర్వే నంబరు. తాలూకాలు, జిల్లాలు ఎన్నిసార్లు మారినా ఈ రెండూ చాలాకాలం మారకుండా వచ్చాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాలలో మాత్రం సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌.పి.ఎం. (ల్యాండ్‌ పార్సిల్‌ మ్యాప్‌) నంబర్లు వచ్చాయి. అటువంటి గ్రామం మీదైతే పాత నంబరు, కొత్త నంబరు రెండూ కాగితంలో పక్కపక్కన రాసుకోండి. అర్జీలోనూ రెండూ పేర్కొనండి.

పంచాయతీరాజ్‌ వరుసను పక్కన రాయండి

రెండవ వరుస ఎన్నికైనవారిది. రాజ్యాంగానికి 73వ సవరణ 1993 ఏప్రిల్‌ 24న అమల్లోకి వచ్చిన తరువాత, దానికి అనుగుణంగా మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్‌ చట్టం చేసుకుంది. ఆ చట్టం ప్రకారం గ్రామంలో గ్రామ పంచాయతీ, మండలంలో మండల ప్రజా పరిషత్తు, జిల్లాలో జిల్లా ప్రజా పరిషత్తు ఉంటాయి. సర్పంచిని ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, ఈ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు. మండల, జిల్లా ప్రాదేశిక సభ్యులను, అంటే మనం ఎం.పి.టి.సి., జెడ్‌.పి.టి.సి. అనేవారిని, పార్టీ గుర్తుల మీద ఎన్నుకుంటాము. మండలాధ్యక్షుడిని, జిల్లా పరిషత్తు చైర్‌పర్సన్‌ను ఆ సభ్యులే తమలో నుంచి ఎన్నుకుంటారు. ఈ సంస్థలకు అధికారులుగా గ్రామంలో పంచాయతీ కార్యదర్శి, మండలంలో మండల పరిషత్తు అభివృద్ధి అధికారి, అంటే ఎం.పి.డి.ఓ., జిల్లా పరిషత్తులో ముఖ్య కార్యనిర్వహణాధికారి పనిచేస్తారు. గ్రామ పంచాయతీల మీద పర్యవేక్షణ జిల్లా పంచాయతీ అధికారిది.

మండలం అన్న మాట రెండు వరుసల్లోనూ ఉంది. అందుకే తహసీల్దారును, ఎం.పి.డి.ఓ.ను ఒకరి కింద ఒకరని చాలామంది అనుకుంటారు. వారిద్దరూ ఒకే మండలంలో పనిచేస్తారు, తరచుగా ఒకే ప్రాంగణంలోనూ కూర్చుంటారు. అయినా ఒకరి ఉత్తర్వు మీద మరొకరికి అప్పీలు చేయలేము. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైన తరువాత ఈ కలగాపులగం గ్రామ స్థాయికి కూడా దిగింది. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయరు, వ్యవసాయ సహాయకులు, సంక్షేమ సహాయకులు అందరూ ఒకే భవనంలో కూర్చుంటున్నారు. ప్రజలకు ఇది సౌకర్యమే, నేను దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. కాని భవనం ఒకటైనంత మాత్రాన శాఖలు ఒకటి కాలేదు. సచివాలయంలో అర్జీ ఇచ్చేటప్పుడు అది ఏ ఉద్యోగి లాగిన్‌కు వెళుతుందో, ఆపైన తహసీల్దారుకు వెళుతుందో ఎం.పి.డి.ఓ.కు వెళుతుందో అడిగి, ఆ వివరం రసీదు మీద మీరే రాసుకోండి.

ఇంకొక సంగతి కూడా చూసుకోవాలి. ఒక రెవెన్యూ గ్రామం పెద్దదైతే దానిలో రెండు మూడు గ్రామ పంచాయతీలు ఉండవచ్చు, చిన్న రెవెన్యూ గ్రామాలు కొన్ని కలిసి ఒకే పంచాయతీ కావచ్చు. సచివాలయాలను సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున లెక్క వేసి పెట్టారు కాబట్టి పెద్ద పంచాయతీలో ఒకటికంటే ఎక్కువ ఉండవచ్చు. అందువల్ల మీ కాగితంలో పంచాయతీ పేరుకు ఎదురుగా సచివాలయం పేరును విడిగా రాయాలి. ఈ పేర్లలో సందేహం వస్తే కేంద్ర పంచాయతీరాజ్‌ మంత్రిత్వ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం ఎంచుకుంటూ వెళితే, గ్రామాలూ పంచాయతీలూ వాటి కోడ్‌ సంఖ్యలతో కనిపిస్తాయి. భూమి వైపు వివరాలకు మీభూమి వెబ్‌సైటు చూడండి. ఫోను వాడటం అలవాటు లేని పెద్దలకు ఇంట్లో చదువుకునే పిల్లలు ఈ పని అరగంటలో చేసి పెట్టగలరు.

పట్టణంలో ఉన్నవారు

పట్టణాల్లో పంచాయతీరాజ్‌ వరుస ఉండదు. దాని స్థానంలో పురపాలక సంస్థ ఉంటుంది. అనంతపురం నగరపాలక సంస్థ, తాడిపత్రి, గుంతకల్లు, రాయదుర్గం పురపాలక సంఘాలు ఇందుకు ఉదాహరణలు. రెవెన్యూ వరుస మాత్రం పట్టణంలోనూ యథాతథంగా ఉంటుంది కాబట్టి ధ్రువపత్రం కోసం తహసీల్దారే, ఇంటి పన్ను, తాగునీరు, చెత్త, జనన మరణ నమోదు కోసం మున్సిపల్‌ కమిషనరు కార్యాలయమే.

ఇబ్బంది వచ్చేది అంచుల్లో. అనంతపురం నగరానికి ఆనుకుని ఉన్న రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి వంటి చోట్ల ఇళ్లు నగరంలో కలిసిపోయినట్టే కనిపిస్తాయి, కాని అవి గ్రామ పంచాయతీలుగా నడుస్తూ వచ్చాయి. వీధికి ఇటు ఉన్న ఇంటికి పంచాయతీ, అటు ఉన్న ఇంటికి నగరపాలక సంస్థ కావచ్చు. ఇటువంటి ప్రాంతంలో స్థలం కొనేవారు ధర అడగడానికి ముందే ఇంటి పన్ను ఎవరికి కడుతున్నారో అడగాలని నా గట్టి సలహా. ప్లాను అనుమతి, లేఅవుటు ఆమోదం, నీటి కుళాయి అన్నీ ఆ జవాబు మీద ఆధారపడి ఉంటాయి. పైగా అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్న గ్రామాల్లో లేఅవుటు ఆమోదం విషయంలో పంచాయతీ మాట ఒక్కటే సరిపోదు.

నియోజకవర్గాన్నీ జిల్లానూ కలిపేయకండి

మన ప్రాంతంలో అందరికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతున్నాయి కనుక దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. 2022 ఏప్రిల్‌ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేశారు. పాత అనంతపురం జిల్లాలో ఉన్న 63 మండలాలు అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మధ్య విడిపోయాయి. కొత్త జిల్లాలకు లోక్‌సభ నియోజకవర్గాలను ప్రాతిపదికగా తీసుకున్నారు గాని, ప్రజల సౌకర్యం చూసి కొన్నిచోట్ల ఆ గీతను దాటారు. అలా దాటినచోట ఒకే ఊరికి సంబంధించిన పేర్లు నాలుగు దిక్కులకు పోతాయి.

రామగిరి మండలాన్ని తీసుకోండి. శాసనసభకు అది రాప్తాడు నియోజకవర్గంలో ఉంది, రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలో ఉంది, కాని రామగిరి మాత్రం 2022 విభజనలో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. కనుక రామగిరి రైతుకు కలెక్టరు పుట్టపర్తిలో ఉంటారు, డివిజన్‌ కేంద్రం ధర్మవరం, లోక్‌సభ స్థానం హిందూపురం. కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి మండలాల సంగతీ ఇంతే. అదే నియోజకవర్గంలో ఉన్న రాప్తాడు, ఆత్మకూరు, అనంతపురం రూరల్‌ మండలాల వారికి మాత్రం కలెక్టరు అనంతపురంలోనే. ఒకే ఎమ్మెల్యేకు ఓటు వేసే రెండు పక్క పల్లెల వారు రెండు వేర్వేరు కలెక్టరేట్లకు వెళ్లవలసి వస్తుంది. నియోజకవర్గం పేరు చూసి జిల్లాను ఊహించుకుంటే అర్జీ తప్పుడు జిల్లాకు పోతుంది.

దీనికి తోడు, జిల్లాలు విడిపోయినప్పుడు జిల్లా పరిషత్తులు వెంటనే విడిపోలేదు. 2021లో ఎన్నికైన సభ్యులతో అవి పాత 13 జిల్లాల పరిధితోనే కొనసాగాయి. అందువల్ల పుట్టపర్తి కలెక్టరు కింద ఉన్న రామగిరికి జిల్లా పరిషత్తు మాత్రం అనంతపురంలో ఉంది. ప్రభుత్వ పాలనకు గీసిన గీత ఒకటి, ఎన్నికైన స్థానిక సంస్థకు గీసిన గీత ఒకటి అని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించదు. మీ కాగితంలో “జిల్లా” అని ఒకే గడి పెట్టకుండా, “కలెక్టరు ఉండే జిల్లా”, “జిల్లా పరిషత్తు” అని రెండు గడులు పెట్టండి.

మిగిలిన పరిధులు క్లుప్తంగా రాస్తే చాలు. పోలీసు స్టేషను, దాని పైన సర్కిల్‌, సబ్‌ డివిజన్‌. ఆస్తి రిజిస్ట్రేషనుకు సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయం. కరెంటుకు తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్‌ పంపిణీ సంస్థలో మీ సెక్షన్‌. ఇవి మండలాల హద్దులను కచ్చితంగా అనుసరించవు. తుంగభద్ర ఎగువ కాలువ కింద సాగు చేసేవారికి నీటిపారుదల సెక్షన్‌ కాలువను బట్టి ఉంటుంది, ఊరిని బట్టి కాదు. వారు తమ నీటి వినియోగదారుల సంఘం పేరు, తూము వివరం కూడా రాసుకోవాలి.

పనిని బట్టి వరుసను ఎంచుకోండి

ఇప్పుడు కాగితం సిద్ధమైంది. మొదట చెప్పుకున్న మూడు అవసరాలకు దాన్ని వాడి చూడండి.

మురుగు కాలువ పని గ్రామ పంచాయతీది. అర్జీ సర్పంచికీ పంచాయతీ కార్యదర్శికీ రాయాలి. కదలిక లేకపోతే ఎం.పి.డి.ఓ., ఆపైన జిల్లా పంచాయతీ అధికారి. వీధి దీపాలు, తాగునీటి కుళాయి, ఇంటి పన్ను వివాదం, గ్రామంలో జనన మరణ నమోదు కూడా ఈ వరుసలోనే మొదలవుతాయి. అయితే పుట్టిన ఏడాది దాటిన తరువాత నమోదు చేయించాలంటే పంచాయతీ ఒక్కటే చాలదు, ఆర్‌.డి.ఓ. ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఇది ఒక వరుసలో మొదలై రెండవ వరుసలోకి దాటే పని, అందుకే ఎక్కువమంది ఇక్కడ చిక్కుకుంటారు.

పాసుపుస్తకంలో పేరు మార్పు రెవెన్యూ పని. వారసుల వివరం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి తహసీల్దారుకు దరఖాస్తు చేయాలి. వీఆర్వో విచారణ చేసి నివేదిక ఇస్తారు. మీరు అనంతపురంలో కాపురం ఉంటూ, భూమి ఉరవకొండ మండలంలో ఉంటే వెళ్లవలసింది ఉరవకొండ తహసీల్దారు వద్దకు. భూమి విషయంలో భూమి ఉన్న చోటే ప్రమాణం, మనిషి ఉన్న చోటు కాదు.

కుల ధ్రువపత్రం కూడా రెవెన్యూ వారిదే, కాని ఇది మనిషికి సంబంధించినది కనుక కుటుంబం స్థిరనివాసాన్ని చూస్తారు. ఎస్సీ, బీసీ ధ్రువపత్రాలు తహసీల్దారు ఇస్తారు, ఎస్టీ ధ్రువపత్రం ఇచ్చే అధికారం ఆర్‌.డి.ఓ.ది. మన జిల్లాలోని తండాల పిల్లలు కాలేజీ ప్రవేశాల చివరి రోజుల్లో తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి, ఆ తరువాత డివిజన్‌కు పరుగెత్తడం ఎంతో బాధ కలిగించే విషయం. దరఖాస్తు సచివాలయంలో ఇచ్చినా, అది డివిజన్‌ దాకా వెళ్లి రావాలి కాబట్టి వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.

బడి విషయంలో బోర్డు చదవండి. “మండల ప్రజా పరిషత్తు ప్రాథమిక పాఠశాల” అని ఉంటే అది మండల పరిషత్తు బడి. “జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల” అని ఉంటే జిల్లా పరిషత్తుది. ఉపాధ్యాయులు, బోధన సంగతి మండల విద్యాధికారి చూస్తారు. రోడ్డు విషయంలో ఇది ఇంకా అవసరం. ఊరిలోపలి వీధి పంచాయతీది. ఊరిని ప్రధాన రహదారికి కలిపే రోడ్డు సాధారణంగా పంచాయతీరాజ్‌ ఇంజినీరింగ్‌ శాఖది. మండల కేంద్రాలను కలిపేవి ఎక్కువగా రోడ్లు, భవనాల శాఖవి. కర్నూలు, డోన్‌, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కేంద్రానిది. గుంత ఏ రోడ్డు మీద పడిందో తేల్చుకోకుండా సర్పంచిని నిలదీసి ప్రయోజనం లేదు. ఆయన చేతిలో లేని రోడ్డును ఆయన బాగుచేయలేరు.

అర్జీ ఎలా రాయాలి

పైన కుడివైపు తేదీ, ఊరు రాయండి. తరువాత గౌరవనీయులైన ఫలానా అధికారి వారికి అని హోదా, మండలం, డివిజన్‌, జిల్లా పూర్తిగా రాయండి. అధికారి పేరు అవసరం లేదు, బదిలీలు జరుగుతుంటాయి. మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, పల్లె, గ్రామ పంచాయతీ, రెవెన్యూ గ్రామం, మండలం ఒకే వాక్యంలో రాయండి. విషయం ఒక్కటే ఉండాలి. మురుగు కాలువ, పాసుపుస్తకం రెండూ ఒకే అర్జీలో రాస్తే అది రెండు శాఖల మధ్య నలిగిపోతుంది. కింది మెట్టులో ముందే అర్జీ ఇచ్చి ఉంటే దాని తేదీ, రసీదు సంఖ్య పేర్కొని నకలు జతచేయండి. పై అధికారి మొదట చూసేది అదే.

కింది మెట్టులో ఒకసారి అడిగిన తరువాతనే పై మెట్టుకు వెళ్లడం మంచిది. అక్కడ స్పందన లేనప్పుడు సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అక్కడ ఇచ్చిన ప్రతి అర్జీకి సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్య లేకుండా బయటికి రావద్దు.

ఎంత వెదికినా మీ పని ఏ కార్యాలయం పరిధిలోకి వస్తుందో తేలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉపయోగపడుతుంది. “ఫలానా సర్వే నంబరులోని రస్తా నిర్వహణ ఏ శాఖ బాధ్యత? అందుకు సంబంధించిన రికార్డు నకలు ఇవ్వగలరు” అని దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాలకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. సమాధానం 30 రోజుల్లో ఇవ్వాలి. మీరు పెట్టింది తప్పు కార్యాలయమైతే, దాన్ని 5 రోజుల్లోగా సరైన కార్యాలయానికి బదిలీ చేసి మీకు తెలియజేయవలసిన బాధ్యత ఆ చట్టంలోని 6(3) సెక్షన్‌ ప్రకారం వారిదే. అలా వచ్చిన బదిలీ ఉత్తరమే మీ ప్రశ్నకు సగం జవాబు. దాన్ని పరిధుల కాగితంతో కలిపి భద్రపరచండి.

హద్దులు మారేటప్పుడు

ఈ పరిధులు శాశ్వతం కావు. జిల్లాల, డివిజన్ల, మండలాల హద్దులను మార్చే అధికారం 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ప్రభుత్వం ముందుగా ప్రాథమిక ప్రకటనను గెజిట్‌లో ప్రచురించి, ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరి, వాటిని పరిశీలించిన తరువాత తుది ప్రకటన ఇస్తుంది. 2022లో జనవరిలో ప్రాథమిక ప్రకటన వచ్చింది, అభ్యంతరాలకు 30 రోజులు ఇచ్చారు. జిల్లా కేంద్రం తమకే కావాలని హిందూపురం వారు గట్టిగా అడిగింది ఆ రోజుల్లోనే. ఆ తరువాత కూడా రాష్ట్రంలో జిల్లాల, డివిజన్ల సవరణలు జరుగుతూనే ఉన్నాయి. కాబట్టి ఏడాదికి ఒకసారైనా మీ కాగితాన్ని సచివాలయంలో చూపించి సరిచూసుకోండి.

అభ్యంతరం చెప్పవలసి వస్తే ఆవేశంతో కాక ఆధారంతో రాయండి. మీ ఊరి నుంచి ప్రతిపాదిత కేంద్రానికి ఎన్ని కిలోమీటర్లు, నేరుగా బస్సు ఉందా, ఎన్ని బస్సులు మారాలి, మీ ఆసుపత్రి, సంత, కాలేజీ ఎటువైపు ఉన్నాయి, మీ కాలువ ఆయకట్టు రెండు పరిధుల మధ్య చీలిపోతుందా అన్నవి రాయండి. గ్రామ సభలో తీర్మానం చేయించి, ఆ తీర్మానం నకలును జతచేసి, గడువు ముగియకముందే కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కొక్కరు విడివిడిగా రాసిన వంద ఉత్తరాల కంటే గ్రామ సభ తీర్మానానికి విలువ ఎక్కువ, ఎందుకంటే ఓటరు జాబితాలో ఉన్న ఊరివారంతా సభ్యులుగా ఉండే సభ అదొక్కటే. తుది గెజిట్‌ వచ్చాక దాని నకలు ఒకటి దించుకుని, మీ మండలం పేరు ఉన్న పేజీని అచ్చు తీయించి, ఇంట్లో పాసుపుస్తకం ఉన్న సంచిలోనే పెట్టండి. కొత్త జిల్లా పేరుతో పాత కాగితాలను ఎవరైనా కాదన్నప్పుడు ముందుగా చూపవలసింది ఆ పేజీనే.